రంగం బాకీ

ఖాకీ చొక్కా తొడుక్కుని, చంకలో తోలుసంచీ ఇరికించుకున్న కోర్టు బంట్రోతు గోపాల్‌పూర్ జాలరిపేట మొగలో కనబడగానే, కాసులు బాగుచేస్తున్న వలను అక్కడే వదిలేసి ఇంటి వెనక్కి తప్పుకున్నాడు. పెరట్లో చేపలు ఎండబెట్టే తడికలు గోడకు చేర్చి ఉన్నాయి. వాటి వెనక గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టాడు.

"కాసులున్నాడా?" వాకిట్లో బంట్రోతు గొంతు వినబడింది.

"నేడు బాబూ. నార కొనడానికి చికిటి ఎల్లినాడు. ఎప్పుడొత్తాడో సెప్పనేదు," అంది అతని భార్య సీతాలు, చేపల పొలుసు గీస్తూ, తల ఎత్తకుండా.

"రంగూన్ కోర్టు నుంచి సమను వచ్చింది. నువ్వు తీసుకుంటావా?"

"మగోడు నేకండా నానేటి తీసుకుంతాను బాబూ?"

బంట్రోతు మరి అడగలేదు. ఇటువంటి వాకిళ్ళు అతనికి రోజుకు నాలుగైనా తగులుతాయి. సంచిలోంచి జిగురు డబ్బా తీసి ఆ కాగితాన్ని తలుపుకు అంటించాడు. పక్కింటివాళ్ళిద్దరి చేత సాక్షి వేలిముద్రలు వేయించుకుని వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగాక కాసులు ఒళ్ళంతా పొలుసులతో బయటికి వచ్చాడు. చూసినవాళ్ళు నవ్వారు. తనూ నవ్వుతూనే తలుపు మీది కాగితం చింపి ముక్కలు గాలికి వదిలాడు.

చదువరులారా, ఈ దృశ్యం మనకు కొత్తది కాదు. అప్పులవాడు వస్తే ఇంట్లో లేడనిపించుకోవడం మనలో ఎవరూ పెద్ద తప్పుగా ఎంచరు. పిల్లల చేత కూడా ఆ మాట చెప్పిస్తాం, వాళ్ళు ముద్దుగా చెబితే మురిసిపోతాం. కాని ఆ ఉదయం కాసులు తన తరఫున ఒక్క మాట చెప్పుకునే అవకాశాన్ని తన చేతులతోనే చింపుకున్నాడు. ఆ సంగతి అతనికి ఏడు నెలలు పోయాక గాని తెలిసిరాలేదు.

అవి గంజాం జిల్లా ఇంకా చెన్నపట్నం సర్కారు కిందే ఉన్న రోజులు. గోపాల్‌పూర్ రేవులో పొగఓడ ఆగిన ప్రతిసారీ ఈ తీరం నుంచి వందలమంది కూలికోసం రంగూనుకు పోయేవారు. ఇక్కడివాళ్ళు దాన్ని రంగం అంటారు. కాసులు కూడా ఇరవైరెండేళ్ళ వయసులో, సీతాలు కడుపుతో ఉండగా, రంగం మిల్లులకు కూలీలను కుదిర్చే అప్పయ్య మేస్త్రీ ఇచ్చిన నలభై రూపాయల బయానాతో ఓడ ఎక్కాడు. రంగంలో బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఆ నలభై రూపాయలూ రెండేళ్ళలో కూలిలోంచి కోయించుకుని తీర్చేశాడు.

చిక్కు తెచ్చినది అతని అప్పు కాదు. అతనితో పాటు ఒకే చాప మీద పడుకునే కొండలుకు ఊళ్ళో ఇల్లు గాలివానకు కూలిపోయిందని కబురు వచ్చింది. కొండలు మేస్త్రీ దగ్గర నూటయాభై తీసుకున్నాడు. జామీనుగా ఇంకొకడి వేలు కూడా కావాలన్నాడు మేస్త్రీ. కాసులు వేలు వేశాడు. కాగితంలో ఏముందని అడగలేదు. అడిగితే కొండలును అనుమానించినట్టవుతుందని అతనికి తోచింది. మరుసటి ఏడు రంగం రేవులో తెలుగు కూలీల మీద బర్మా కూలీల కత్తులు లేచిన రోజున కొండలు బసకు తిరిగి రాలేదు. నాలుగు రోజులు వెతికి, కట్టుబట్టలతో ఓడ డెక్కు మీద కూర్చుని కాసులు ఇంటికి వచ్చేశాడు.

వచ్చేసరికి కూతురు కాసమ్మకు నాలుగేళ్ళు. తండ్రిని చూసి "ఈడెవుడే అమ్మా?" అని సీతాలు వెనక దాక్కుంది. అతని దగ్గరికి రావడానికి ఆ పిల్లకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో కాసులు ఇంక ఓడ ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పాత తెప్ప ఒకటి కొని సొంతంగా వేటకు పోవడం మొదలుపెట్టాడు. సీతాలు ఎండుచేపలు తట్టలో పెట్టుకుని బరంపురం బడా బజారులో అమ్మి వచ్చేది. రంగం బాకీ ఎప్పుడైనా గుర్తొస్తే, మధ్యలో ఇంత సముద్రం ఉందిగదా అని ధైర్యం చెప్పుకునేవాడు.

సముద్రం దాటి ముందు సమను వచ్చింది. ఆ తరవాత జగ్గారావు వచ్చాడు.

జగ్గారావుది బరంపురం. అప్పయ్య మేస్త్రీకి ఓడలకు మనుషులను పోగుచేసేదీ, పాత బాకీలు రాబట్టేదీ అతనే. నల్లకోటు, చేతిలో గొడుగు. ఎవరినీ కసరడు. పేటలో అందరూ అతని కేకలకు కాక అతని నెమ్మదికి భయపడేవారు. సీతాలు వేసిన పీట మీద కూర్చుని, కోటు జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పరుచుకున్నాడు.

"అసలు నూటయాభై కాసులూ. దాని వడ్డీ, ఆ వడ్డీకి వడ్డీ, కోర్టు ఖర్చులు. మొత్తం ఆరువందల పన్నెండు రూపాయల ఆరణాలు. నువ్వు కోర్టుకు పోలేదు గనుక రంగూన్ కోర్టువారు మేస్త్రీ చెప్పినదే నిజమనుకుని డిక్రీ ఇచ్చారు. డిక్రీ ఇప్పుడు బరంపురం కోర్టుకు వచ్చింది. మనిషి ఓడెక్కి రాగా లేనిది, కాగితం రాలేదా?"

"ఆ డబ్బు నాను తిననేదు బాబూ. కొండలు తీసుకున్నాడు."

"కొండలు పోయాడు. నీ వేలు బతికే ఉంది."

ఆరువందలు కాసులు ఒక్కచోట ఎన్నడూ చూసినవాడు కాదు. తెప్ప, వలలు, ఇంటి మీది తాటాకు కలిపి అమ్మినా వంద రావు.

"మేస్త్రీ దయగలవాడు," అన్నాడు జగ్గారావు. "మళ్ళీ గురువారం కాక పై గురువారం ఓడ వస్తుంది. ఎక్కు. నాలుగేళ్ళు మిల్లులో చేస్తే బాకీ చెల్లు. నీ భార్య కూడా వస్తే మూడేళ్ళు. టిక్కెట్టు మాదే. అది ఇష్టం లేకపోతే వారంటు తెప్పిస్తాను. కోర్టు అమీను వచ్చి పేటంతా చూస్తుండగా తీసుకుపోయి జైల్లో పెడతాడు. ఆలోచించుకో."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. వాకిట్లో గవ్వలతో ఆడుకుంటున్న కాసమ్మకు పోతూ పోతూ పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చాడు.

ఆ పూట నుంచి కాసులుకు తిండి సయించలేదు. కుక్క మొరిగితే అమీనే అనుకునేవాడు. ఎవరైనా చెప్పులతో నడిచిన చప్పుడు వినబడితే లేచి నిలబడేవాడు. పేటలో చెప్పులు వేసుకునేవాళ్ళు ఎవరు? ఒక ఉదయం వేట నుంచి తిరిగి వస్తూ, ఒడ్డు దగ్గరి పెద్ద కెరటాలు దాటే వేళ, వెనక లేచే నీటిని చూడవలసినవాడు ఒడ్డు మీద నిలబడ్డ తలపాగా మనిషిని చూస్తూ ఉండిపోయాడు. కెరటం తెప్పను బోర్లా తిప్పేసింది. ప్రాణం దక్కింది గాని ఒక వల పోయింది. ఒడ్డు మీది మనిషి గొర్రెలు కొనడానికి వచ్చిన బేరగాడు.

ఆ వారం అతను పేటలో ఉండలేక సీతాలు తట్ట తను మోస్తానని బరంపురం బయల్దేరాడు. ఇద్దరూ పది మైళ్ళు నడిచారు. బడా బజారులో సీతాలు ఎప్పుడూ కూర్చునే చోటు పక్కన పుణ్యవతి అనే నడివయసు మనిషి చింతపండు బస్తాలు పెట్టుకుని అమ్ముతుంది. చికిటి వైపు ఊరు ఆమెది. సగం ఒడియా, సగం తెలుగు. కాసులు తట్ట దించి గట్టిగా ఊపిరి పీల్చుకునే లోపల, సందు చివర నల్లకోటు కనబడింది.

ఏం చేస్తున్నాడో తెలిసేలోపలే కాసులు చింతపండు బస్తాల వెనక ఉన్నాడు.

జగ్గారావు సీతాలు ముందు నిలబడ్డాడు. బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళతో, "కొనండమ్మా, కొనండి. ఈమెకిచ్చే ప్రతి కాణీ అప్పయ్య మేస్త్రీ సొమ్ము. మొగుడు రంగంలో ఆరువందలు ఎగ్గొట్టి వచ్చి ఇక్కడ దాక్కున్నాడు," అని మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆడవాళ్ళు చేపలు తట్టలో పడేసి పోయారు. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు చూశారు. సీతాలు ఆ చేపలు ఏరి తట్టలో సర్దింది. బస్తాల వైపు మాత్రం చూడలేదు. చూస్తే మొగుడు పట్టుబడిపోతాడు గనుక చూడలేదని కాసులుకు అర్థమైంది. అతను అక్కడే కూర్చున్నాడు. తడికల వెనక కూర్చున్నప్పుడు నవ్వు వచ్చింది గాని, ఇప్పుడు బయటికి ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు.

జగ్గారావు వెళ్ళాక పుణ్యవతే అతన్ని చెయ్యిపట్టి లేపింది.

"ఎన్నాళ్ళిలాగ బస్తాలెనక కూకుంతావు నాయనా? నా తమ్ముడు దేముడు కూడా ఇలాగే సేసినాడు. ఆకర్న అయిపీ ఎట్టినాడు. బతికిపోయినాడు."

"అయిపీ అంటే ఏటి?" అంది సీతాలు.

"కచేరీలో కాగితమెట్టడం. నాకున్నది ఇదీ, ఇంతకంటె నేదు, సూసుకోండి అని ఒప్పుకోడం. ఆల్లు ఉన్నది అమ్మి అప్పులోల్లకి పంచుతారు. మనిసినొగ్గెత్తారు. మా ఊరు రెండేళ్ళు ఆడి మొగం సూడనేదు, అది నిజిం. ఇప్పుడు మల్లీ కొట్టెట్టుకున్నాడు. కల్లికోట రోడ్డులో వెంకటరమణమూర్తి పంతులుగారని వకీలున్నారు. ఆరి కాడికెల్లండి."

అయిపీ అన్న మాట కాసులుకు కొత్త కాదు. నలుగురి దగ్గర డబ్బు గుంజి, కొట్టు మూసి, దొడ్డిదారిన బంగారం దాటించిన పెద్ద వ్యాపారులను బజారులో అలా తిట్టడం అతను విన్నాడు. ఆ మాట తనకు అంటుకోవడం అతనికి జైలు కంటె భయమనిపించింది. పేటకు తిరిగి వచ్చాక పేటంతా తాతయ్య అని పిలిచే కులపెద్దను సలహా అడిగాడు. తాతయ్య డెబ్బై ఏళ్ళవాడు. అతని మాట పేటలో ఎవరూ దాటరు.

"మన పేటలో అయిపీ ఎట్టినోడు ఇంతవరకూ నేడురా," అన్నాడు తాతయ్య నేల చూస్తూ. "ఎట్టినోడిని పంచాయితీలో పక్కన కూకోనెట్టుకోడం ఎలాగ? రేపు నీ పిల్లకి సంబందం ఎవుడిత్తాడు? ఓడెక్కితే నాలుగేల్లే గదా."

కాసులు ఇంటికి వచ్చి ఓడ ఎక్కేస్తానన్నాడు. సీతాలు పొయ్యి ముందు నుంచి లేచింది.

"మావా, రంగం పోయినోడు నాలుగేల్లకొచ్చినాడని నువ్వెక్కడైనా ఇన్నావా? కొండలు ఒచ్చినాడా? నాలుగేల్లు తిరిగీసరికి ఆ ఆరొందలూ ఎంతవుతాదో నీకు తెలుసా? ఆ పంతులుగారినోపాలి అడిగినాక ఎక్కుదువు గాని."

ఇద్దరూ వెళ్ళిన రోజున వకీలుగారు పనిమీద ఛత్రపురం పోయారు. అరుగు మీద గుమస్తా ఉన్నాడు. సంగతంతా విని, కాసులును ఒక పక్కకు పిలిచి, "దివాలా దరఖాస్తులో తెప్ప ఉందని రాశావంటే అది పోయిందన్నమాటే. తెప్పా, వలలూ రెండేళ్ళ కిందటే ఎవరికో అమ్మేసినట్టు కాగితం రాసుకో. పాత తేదీ స్టాంపు కాగితం నా దగ్గరుంది. రెండు రూపాయలు," అన్నాడు. కాసులుకు ప్రాణం లేచివచ్చింది. బావమరిది పైడన్న పేర కాగితం రాయించాడు. సీతాలుకు అది నచ్చలేదు. కాని అతని మొహంలో చాలా రోజులకు కాస్త వెలుగు కనబడేసరికి ఊరుకుంది.

ఓడ ఇంక రెండు రోజులుందనగా వెంకటరమణమూర్తిగారు దొరికారు. పొట్టి మనిషి, వెండిఫ్రేము కళ్ళజోడు. దగ్గుతూ ఉంటారు. గుమ్మంలో నిలబడిన ఇద్దరినీ లోపలికి పిలిచి చాప మీద కూర్చోమన్నారు. కథంతా విన్నారు.

"సరే. నీకు ఆస్తి ఏమిటుంది?"

"ఏటీ నేదు బాబూ."

"ఏం పనిచేస్తావు?"

"సేపలేట బాబూ."

"దేని మీద?"

"తెప్ప మీద."

"ఎవరి తెప్ప?"

పైడన్న పేరు కాసులు నాలుక చివర దాకా వచ్చింది. సీతాలు కొంగు ముడి విప్పి, మడతపెట్టిన కాగితం తీసి వకీలుగారి ముందు చాప మీద పెట్టింది.

"మాదే బాబూ తెప్ప. ఇది అబద్దం కాయితం."

వకీలుగారు దాన్ని ఎత్తి చూశారు. ఒకసారి అరుగు వైపు చూశారు గాని గుమస్తాను పిలవలేదు.

"ఈ రాత ఎవరిదో నాకు తెలుసు. దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పు కాసులూ, ఇది కోర్టులో పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలుసా? దరఖాస్తుకు ముందు రెండేళ్ళలో చేతులు మారినవన్నీ తిరగతోడుతారు. ముందు పైడన్నను బోనెక్కిస్తారు. అబద్ధమని తేలితే నిన్ను కాపాడవలసిన చట్టమే నిన్ను జైలుకు పంపుతుంది. పెద్దమనుషులు అలా చేసి చేసే ఆ పేరును బూతుమాట చేశారు. అయిపీ అంటే ఎగ్గొట్టే దారని నీకు ఎవరో చెప్పారు. కాదు. ఉన్నదంతా నలుగురి ముందు పరిచి, ఇంతకు మించి లేదని ప్రమాణం చేసేది."

"తెప్ప పోతాదా బాబూ?"

"పోవచ్చు. వలలు పనిముట్లని వదిలిపెట్టమని అడుగుతాను. మాట ఇవ్వను. ఇంకొకటి విను. నిన్ను జైల్లో పెడితే నీ తిండికి బత్తా అప్పయ్యే కట్టాలి. జైల్లో కూర్చున్న కాసులుతో అతనికి ఏం లాభం? అతనికి కావలసింది మిల్లులో బస్తాలు మోసే కాసులు. అందుకే జైలు పేరు చెప్పి ఓడ చూపిస్తున్నారు. ఆనాడు సమను తీసుకుని నా దగ్గరికి వచ్చి ఉంటే అసలు లెక్క చూపమని అప్పుడే అడిగేవాళ్ళం. సరే, శుక్రవారం రా. దరఖాస్తు సిద్ధం చేస్తాను."

ఫీజు ఎంతని అడిగితే, ముందు పని కానీయమన్నారు. అబద్ధపు కాగితాన్ని కాసులు చేతనే చింపించారు.

కాని శుక్రవారం కంటె ముందు గురువారం వచ్చింది.

పొద్దున్నే ఓడ రేవుకు దూరంగా లంగరు వేసింది. పడవలవాళ్ళు మూటలతో ఉన్న మనుషులను కెరటాలు దాటించి ఓడకు చేరవేస్తున్నారు. ఒడ్డున ఏడుపులు, కేకలు. కాసులు తెప్ప ముడులు బిగిస్తుంటే జగ్గారావు, అతని వెనక అమీనూ, ఇద్దరు బంట్రోతులూ ఇసుకలో నడిచి వచ్చారు. ఈసారి కాసులు పరుగెత్తలేదు. పరుగెత్తడానికి కాళ్ళు రాలేదంటే నిజం.

జగ్గారావు ఒక చేతిలో ఓడ టిక్కెట్టు, ఇంకో చేతిలో వారంటు పట్టుకుని చూపించాడు.

"పడవ ఎక్కుతావా, అమీనుగారి వెంట నడుస్తావా? నీ ఇష్టం కాసులూ. బలవంతం లేదు."

పేట సగం అక్కడే ఉంది. తాతయ్య చేతికర్ర ఆనుకుని చూస్తున్నాడు. కాసమ్మ తల్లి చీర పట్టుకుని, తండ్రి ఎటు పోతాడోనని ఓడ వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూస్తోంది. తను మళ్ళీ తిరిగి వచ్చేసరికి ఈ పిల్ల పెళ్ళి వయసుకు వస్తుంది. మళ్ళీ "ఎవుడీడు" అంటుంది. కాసులుకు ఆ ఒక్క సంగతే స్పష్టంగా కనబడింది. మిగిలినదంతా మసకగా ఉంది.

"కచేరీకే ఎల్తాను బాబూ," అన్నాడు.

జగ్గారావు మొహంలో నెమ్మది కాస్త చెదరడం అతను మొదటిసారి చూశాడు. "జైలంటే నీకు తెలియదు," అన్నాడు. "తెల్దు బాబూ," అని కాసులు అమీను ముందు నడిచాడు.

పది మైళ్ళు నడిస్తే గాని బరంపురం రాదు. ధైర్యం వచ్చి నడిచాడని రాస్తే అది అబద్ధమవుతుంది. దారిలో రెండుసార్లు, ఇప్పుడైనా ఓడ ఎక్కేస్తానని చెబుదామా అనుకున్నాడు. వెనక సీతాలు పిల్లను చంకనేసుకుని వస్తోంది. ఆమె వెనక తాతయ్య కర్ర పొడుచుకుంటూ ఎందుకు వస్తున్నాడో కాసులుకు తెలియలేదు.

సీతాలు పోయి చెప్పగా వకీలుగారు కోర్టుకు వచ్చి కాసులు పక్కన నిలబడ్డారు. జడ్జిగారు వారంటు చూసి, "ఈ డిక్రీ సొమ్ము కట్టగలవా?" అని అడిగారు.

"కట్టనేను బాబూ."

"అయితే విను. నువ్వు దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చునని నీకు తెలియజెప్పవలసిందని చట్టం నన్ను ఆదేశిస్తోంది. తెలియజేస్తున్నాను. నెల రోజుల్లో పెట్టుకుంటాననీ, పిలిచినప్పుడల్లా వస్తాననీ జామీను ఇస్తే నిన్ను ఇప్పుడే వదిలేస్తాను."

కాసులు తను సరిగ్గా విన్నాడో లేదో అని వకీలుగారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. జగ్గారావు ఇన్నాళ్ళూ ఓడ సంగతి చెప్పాడు, జైలు సంగతి చెప్పాడు, ఈ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. చట్టం జడ్జి నోటితో దాన్ని చెప్పించింది. ఎందరు ఈ మాట వినేదాకా రాకుండా భయపడి పడవ ఎక్కేసి ఉంటారో!

కాని జామీను ఎవరు? తనను ముంచినదే ఆ మాట. ఇంకొకరిని ఏ నోటితో అడుగుతాడు? కోర్టు హాలు వెనక నుంచి కర్ర చప్పుడు వినబడింది.

"నానేత్తాను ఏలు," అన్నాడు తాతయ్య. "కాని బాబూ, ఆ కాయితం ముందు నాకు సదివించండి. మొత్తం. తెలుగులో."

కోర్టు గుమస్తా చదివాడు. తాతయ్య మళ్ళీ చదవమన్నాడు. "ఆడు రాకపోతే నానేటి కట్టాల? ఎప్పుడు కట్టాల?" అని అడిగి, జవాబులు విని, అప్పుడు వేలు సిరాలో ముంచాడు. జడ్జిగారు విసుక్కోలేదు.

బయటికి వచ్చాక వరండాలో తాతయ్య కూలబడ్డాడు. "నా పెద్దోడు అప్పయ్య కాడే ఉన్నాడు," అన్నాడు కాసులు మొహం చూడకుండా. "తొమ్మిదేల్లయింది. ఏటేటా బాకీ పెరిగిందని ఉత్తరం వస్తాది. ఆడూ ఏలేసినాడు. పేటకి పెద్దోన్ని, నా కొడుకు ఇరుక్కున్నాడని ఎవులితో సెప్పుకోను? నిన్ను కూడా ఓడెక్కమన్నాను. నాతో పాటు ఇంకోడుంటాడని అనుకున్నానేమో. అలాగన్నందుకు నన్ను సెమించు."

దరఖాస్తు నెల తిరగకుండా దాఖలైంది. ఆ తరవాత జరిగినదంతా తేలికగా జరిగిందని చెప్పను. కాసులు బోనులో నిలబడి తనకున్న వస్తువులను ఒక్కొక్కటిగా చెప్పవలసి వచ్చింది. వంటపాత్రలు కూడా. హాల్లో ఎవరో నవ్వారు. ఆస్తి అమ్మడానికి కోర్టు నియమించిన రిసీవరు మనుషులు పేటకు వచ్చి తెప్పకు సున్నంతో నంబరు వేసి వేలం పాడారు. నలభై ఎనిమిది రూపాయలకు పక్క పేటవాడు పాడుకున్నాడు. అతను తెప్పను నీళ్ళలోకి తోస్తుంటే కాసులు ఒడ్డున కూర్చుని ఏడ్చాడు. వలలు మాత్రం పనిముట్లని వదిలారు. ఇప్పుడతను ఇంకొకరి తెప్ప మీద, పట్టిన చేపల్లో పాలుకు పోతున్నాడు. బజారులో ఒకరిద్దరు వేళాకోళమాడారు. చేపలు కొనేవాళ్ళు పది రోజులు మానేసి మళ్ళీ కొన్నారు.

రంగం నుంచి అసలు లెక్కలు తెప్పించమని వెంకటరమణమూర్తిగారు పట్టుపట్టారు. నాలుగు వాయిదాల తరవాత వచ్చాయి. కొండలు చనిపోయేముందు పదకొండు నెలలపాటు అతని కూలిలోంచి కోసిన సొమ్ము అందులో ఎక్కడా జమ కాలేదు. ఆ సంగతి మిల్లు చీటీల వల్ల తేలింది. కోర్టు ఆరువందల పన్నెండును నూట ఎనభై నాలుగుకు తగ్గించి, తెప్ప డబ్బు అందులో జమ కట్టింది. ఏడాది తిరిగాక, దాచినదేమీ లేదని తేలినందున, మిగతాదాని నుంచి కాసులుకు విడుదల ఇచ్చింది.

ఆ ఆదివారం పేటలో పంచాయితీ కూర్చుంది. కాసులు అలవాటు ప్రకారం దూరంగా నిలబడ్డాడు. తాతయ్య తన పక్కన చాప మీద చెయ్యి తట్టాడు.

"ఇక్కడ కూకో. నీకేటి జరిగిందో ఈల్లకి సెప్పు. నానూ సెప్పాల నా కొడుకు సంగతి."

కాసులు కూర్చున్నాడు. మాట్లాడడం అలవాటు లేనివాడు. ఆగి ఆగి మొదటి నుంచి చెప్పాడు. తడికల వెనక కూర్చున్నదీ, బస్తాల వెనక కూర్చుని పెళ్ళాం అవమానపడుతుంటే చూసినదీ, తప్పుడు కాగితం రాయించినదీ దాచలేదు. అతను చెబుతుండగానే ఒకడు లేచి ఇంటికి పోయి మడతలు పడ్డ ఉత్తరం తెచ్చి తాతయ్య ముందు పెట్టాడు. తరవాత ఒక ముసలమ్మ తెచ్చింది. పొద్దు వాలేలోపల అక్కడ తొమ్మిది కాగితాలు చేరాయి. అన్నీ రంగానివే. పక్కపక్క ఇళ్ళవాళ్ళే, ఒకరికి తెలియకుండా ఒకరు ఇన్నేళ్ళుగా భయపడుతూ ఉన్నారు.

"ఏటి సెయ్యాల కాసులూ?" అని ఉత్తరం తెచ్చిన ముసలమ్మ అడిగింది.

"రేపు అందరం కలిసి పంతులుగారి కాడికెల్దాం అమ్మా," అన్నాడు కాసులు. "బాకీ ఉన్నాదని ఒప్పుకోడం సిగ్గు కాదు, నాకాడ నేదని నిజిం సెప్పడమూ సిగ్గు కాదు, బయపడి దాక్కుని, సదివించుకోని కాయితానికి ఏలెయ్యడమే మనల్నీ మన బిడ్డల్నీ అమ్మీసేది."